స్కైప్ ఆగిపోయాక మా గద్వాల దుకాణం వాయిస్‌మెయిల్: ప్రాజెక్టు డైరీ

మార్చి 2025, మొదటి వారం

ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడుకునే స్కైప్‌ను మే 5న ఆపేస్తున్నట్టు ఫిబ్రవరి 28న మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2003లో మొదలై, 2011లో 850 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన సేవ అది. పాత పేరు, పాస్‌వర్డులతోనే తమ మరో సేవ టీమ్స్‌లోకి వెళ్లవచ్చని, చాట్లు, పరిచయాల జాబితా అక్కడ కనిపిస్తాయని చెప్పారు. దుకాణానికి చాట్లతో పెద్దగా పని లేదు. కావలసింది వాయిస్‌మెయిల్, అంటే ఫోను ఎత్తనప్పుడు చేసినవాళ్ల మాటను రికార్డు చేసి ఉంచేది.

మాకు స్కైప్‌లో కొన్న అమెరికా నంబరు ఒకటి ఉంది. గద్వాల కోట దగ్గరి మా చీరల దుకాణం నుంచి వెళ్లే ప్రతి పెట్టె మీదా, ప్రతి బిల్లు మీదా అది అచ్చయి ఉంటుంది. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినప్పుడు బిల్లు మీద మహబూబ్‌నగర్ జిల్లా అన్న మాట తీసేశాం కానీ నంబరు జోలికి పోలేదు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న ఒక పెద్దావిడ తన ఇంటి ఫోను నుంచి దానికి చేస్తే అది ఆవిడకు దేశంలోపలి కాల్. అక్కడ రాత్రి తొమ్మిది అవుతుంటే ఇక్కడ ఇంకా దుకాణం తియ్యం. కాబట్టి చాలామంది తమకు కావలసినది వాయిస్‌మెయిల్‌లో చెప్పి పెడతారు. అత్తమ్మ పొద్దున్నే టాబ్లెట్ తెరిచి వింటుంది, ఆర్డరు పుస్తకంలో రాసుకుంటుంది, అయిజ, రాజోలి నేతకార్లకు కబురు పెడుతుంది. ఆర్డరు ఆలస్యంగా తెలిస్తే మగ్గం ఆలస్యం. మగ్గం ఆలస్యమైతే చీర పండుగకు అందదు.

ఈ పని నేను చేస్తానని ఇంట్లో చెప్పాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినదాన్ని, పెళ్లయ్యాక దుకాణం లెక్కలు చూస్తున్నదాన్ని. మా ఆయన అడిగారు: "వాట్సాప్ ఉంది కదా, అందరినీ అందులోకి రమ్మంటే సరిపోదా?" వచ్చేవాళ్లు ఇప్పటికే వచ్చారు. మిగిలినవాళ్లు పెట్టె మీది నంబరు చూసి ఫోను చేసేవాళ్లు. వాళ్లను ఒక చాట్ నుంచి లేపి ఇంకో చాట్‌లో కూర్చోబెడితే, రేపు అది ఆగినప్పుడు మళ్లీ ఇదే పని. అందుకే ఈసారి మూడు విషయాలు వేరు చేయాలని నిర్ణయించుకున్నాను. నంబరు ఒక చోట ఉండాలి. సందేశం మామూలు ఆడియో ఫైలుగా మన చేతిలోకి రావాలి. వినే పరికరం ఆ రెండింటిలో దేని మీదా ఆధారపడకూడదు.

మార్చి, పాత సందేశాలు

కొత్తది కట్టే ముందు పాతది భద్రం చేయాలి. స్కైప్ సమాచారాన్ని 2026 జనవరి వరకు ఉంచుతామని, ఆ లోపు ఎగుమతి చేసుకోవచ్చని ప్రకటనలో ఉంది. ఎగుమతి అభ్యర్థన పెట్టాను. కానీ ఫోను సందేశాల విషయంలో దాని మీదే భారం వేసి కూర్చోదలచలేదు. టాబ్లెట్‌లో వినిపిస్తున్నంత కాలం వాటిని పట్టుకోవడం తేలిక. ల్యాప్‌టాప్‌లో స్కైప్ తెరిచి, ఆడాసిటీ అన్న ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ లోపలి శబ్దాన్నే రికార్డు చేసే అమరిక పెట్టి, ఒక్కో సందేశాన్ని ప్లే చేస్తూ ఫైలుగా దాచాను. ఫైలు పేరులో మొదట తేదీ, తర్వాత ఊరు.

ఓపిక కావలసిన పని ఇది. ఎవరు ఏ రంగు అడిగారో, ఏ అంచు నచ్చక తిప్పి పంపారో, ఎవరింట్లో పెళ్లికి ఎన్ని చీరలు వెళ్లాయో అంతా అందులో ఉంది. అత్తమ్మ పక్కన కూర్చుని గొంతు వినగానే మనిషిని గుర్తుపట్టింది. "ఈవిడ కోటకొమ్మ అంచు తప్ప ఇంకొకటి ముట్టదు బిడ్డా, రాసుకో" అన్నది. రాసుకున్నాను. నిజానికి మా దగ్గర ఉన్న ఖాతాదారుల జాబితాల్లో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

ఏప్రిల్, నంబరు తరలింపు

అమెరికాలో నంబరు వినియోగదారుతో పాటు కదులుతుంది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టంతో వచ్చిన వెసులుబాటు. పాత కంపెనీ సేవను ముందే రద్దు చేసుకోకూడదన్నది ఇందులో ముఖ్యమైన నియమం. నంబరు బతికి ఉండగానే కొత్త కంపెనీ దాన్ని అడిగి తీసుకోవాలి. రద్దయిన నంబరును తరలించడం కుదరదు.

న్యూజెర్సీలోని మా మరిది అక్కడి ఒక ఇంటర్నెట్ ఫోను కంపెనీలో ఖాతా తెరిచాడు. పేరు, చిరునామా పాత ఖాతాలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి. "వదినా, పాత బిల్లు కాపీ ఒకటి పంపించండి" అని అడిగితే పంపాను. నంబరు ఏప్రిల్‌లోనే కొత్త చోటికి చేరింది. మిగతాదంతా కాగితాల పనే.

ఈ సందర్భంలో ఒక విషయం ఆలోచించి పెట్టుకున్నాను. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితమైన అనుమతి ఉంది. ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు మాట్లాడవచ్చు. ఇంటర్నెట్ కాల్‌ను దేశంలోని ఫోను లైన్లకు కలపడం వేరే సంగతి, ఆ అనుమతి దానికి వర్తించదు. స్కైప్ కూడా భారతదేశం లోపలి నుంచి ఇక్కడి మొబైళ్లకు, ల్యాండ్‌లైన్లకు చేసే కాల్స్‌ను 2014 నవంబర్ 10 నుంచి నిలిపివేసింది. 2018లో లైసెన్సు ఉన్న సంస్థలకు దారి తెరుచుకున్నాక బీఎస్ఎన్ఎల్ వింగ్స్ లాంటి ఇంటర్నెట్ ఫోను సేవలు వచ్చాయి. కాబట్టి అమెరికా నంబరుకు వచ్చిన కాల్‌ను గద్వాలలోని మొబైల్‌కు మళ్లించే ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టాను. కాల్ అక్కడే ఆగుతుంది, సందేశం అక్కడే రికార్డవుతుంది, ఇక్కడికి వచ్చేది ఫైలు మాత్రమే. తిరిగి పిలవాలంటే అత్తమ్మ మొబైల్ నుంచి ఐఎస్‌డీ చేస్తుంది.

ఏప్రిల్ చివర, కొత్త వాయిస్‌మెయిల్ పెట్టెతో పరిచయం

కొత్త కంపెనీ వాయిస్‌మెయిల్ వెనుక ఉన్నది ఆస్టెరిస్క్ అని మెనూ వినగానే తెలిసింది. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఉచిత టెలిఫోను సాఫ్ట్‌వేర్ అది. ప్రపంచంలో ఎన్నో చిన్న కంపెనీల ఫోను వ్యవస్థలు దాని మీదే నడుస్తున్నాయి. ఫోను యాప్‌లో *97 నొక్కితే పిన్ అడుగుతుంది. తర్వాత 1 నొక్కితే సందేశం వినిపిస్తుంది, 5 నొక్కితే మళ్లీ వినిపిస్తుంది, 6 తర్వాతి దానికి, 4 ముందు దానికి తీసుకెళ్తుంది, 7 తీసేస్తుంది, 9 దాచిపెడుతుంది.

పిన్ మొదట మార్చాను. 1234, పుట్టిన సంవత్సరం లాంటివి పనికిరావు. వాయిస్‌మెయిల్ పెట్టెలోకి చొరబడేవాళ్లు మొదట ప్రయత్నించేవి అవే. ఖాతా నుంచి విదేశాలకు కాల్స్ చేసే వీలును కూడా ఆపించాను. మాకు బయటికి వెళ్లే కాల్స్ అవసరమే లేదు. పాస్‌వర్డు ఎవరి చేతిలోనైనా పడితే రాత్రికి రాత్రి వేల రూపాయల కాల్స్ చేసే ముఠాలు ఉంటాయి. తలుపు అవసరం లేని చోట గోడ ఉండటమే మంచిది.

పలకరింపు అత్తమ్మ గొంతులోనే రికార్డు చేశాం. మొదట తెలుగులో, తర్వాత చిన్నగా ఇంగ్లీషులో: "గద్వాల నుంచి మాట్లాడుతున్నాం. మీ పేరు, ఊరు, ఫోను నంబరు నిదానంగా రెండుసార్లు చెప్పండి. చీర రంగు, అంచు, కొంగు ఎలా కావాలో చెప్పండి." రెండుసార్లు అన్న మాట ఆవిడే చేర్పించింది. నంబరును పరుగెత్తించి చెప్పేవాళ్లతో ఎన్నేళ్లుగానో పడుతున్న తిప్పలు ఆవిడకు తెలుసు.

మే 5

ఈ రోజు స్కైప్ ఆగింది. మా నంబరుకు మరిది ఫోను చేసి ఒక సందేశం వదిలాడు. కొత్త పెట్టెలో విన్నాం. పాత టాబ్లెట్‌లోని స్కైప్ గుర్తును తీసేశాను.

మే, ఏ దారిలో వినాలి

*97 దారి నాకు బాగానే ఉంది. అత్తమ్మకు బాగాలేదు, ఆవిడ చెప్పిన కారణం సరైనది. సందేశం ఉందో లేదో తెలుసుకోవడానికే ఫోను చేసి, పిన్ కొట్టి, మెనూ వినాలంటే కౌంటరు దగ్గర మనుషులుండగా అది జరగదు. చూడగానే తెలియాలి.

చూడగానే తెలిసే ఏర్పాటు ఇంటర్నెట్ ఫోన్లలో ఎప్పటినుంచో ఉంది. సందేశాలు ఎదురుచూస్తున్నాయని ఫోనుకు చెప్పే పద్ధతిని 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3842 అన్న ప్రమాణంగా రాశారు. సర్వరు ఒక చిన్న కబురు పంపుతుంది: సందేశాలున్నాయా లేవా, కొత్తవి ఎన్ని, పాతవి ఎన్ని. బల్ల మీది ఇంటర్నెట్ ఫోను అది అందుకుని ఎర్ర దీపం వెలిగిస్తుంది. పద్ధతి చక్కనిది, దీపం అన్న ఆలోచన నాకు అక్కడినుంచే వచ్చింది. కాకపోతే ఆ ఫోను ఎప్పుడూ సర్వరుతో నమోదై ఉండాలి. మా దుకాణం బ్రాడ్‌బ్యాండుకు బయటి నుంచి నేరుగా చేరుకునే సొంత పబ్లిక్ ఐపీ చిరునామా లేదు. మధ్యలోని రూటర్లు కాసేపు కదలిక లేకపోతే దారి మూసేస్తాయి. టాబ్లెట్‌లో ఫోను యాప్ పెడితే బ్యాటరీ ఆదా కోసం అది నిద్రపోతుంది. వీటన్నిటికీ మార్గాలున్నాయి కానీ ప్రతి మార్గానికీ ఒకరు కాపలా ఉండాలి.

మూడో దారి ఈమెయిలు. సందేశం రాగానే ఆడియో ఫైలును జతచేసి మెయిలు పంపమని కొత్త కంపెనీలో ఒక అమరిక ఉంది. మెయిలు పెట్టె దగ్గరికి వెళ్లేది మన యంత్రమే కాబట్టి పబ్లిక్ ఐపీ లేకపోయినా పర్వాలేదు. రేపు ఫోను కంపెనీ మారినా, మెయిలు కంపెనీ మారినా ఒక పంక్తి మార్చుకుంటే చాలు. ఇదే ఖాయం చేశాను. మెయిలు పంపాక అసలు సందేశాన్ని సర్వరులోంచి తీసేసే అమరిక కూడా ఉంది, దాన్ని వేయలేదు. మెయిలు దారి తప్పితే *97లో సందేశం ఉండాలి. ఆస్టెరిస్క్ పెట్టెలో మామూలుగా ఒక ఫోల్డరుకు 100 సందేశాల పరిమితి ఉంటుంది, కాబట్టి నెలకొకసారి నేను ఖాళీ చేస్తాను.

మే చివర, వినిపించే పెట్టె తయారీ

మెయిలులో వచ్చే సందేశాలను కౌంటరు మీద వినిపించే పెట్టె కోసం, ఇంట్లో ఊరికే ఉన్న రాస్ప్‌బెర్రీ పై 3 అన్న చిన్న కంప్యూటరును తీశాను. దానికి స్పీకరు తీగ పెట్టుకునే రంధ్రం ఉంది. కొత్త పై 5లో అది లేదు, విడిగా కొనాలి. పాత స్పీకరు ఒకటి, ఒక పెద్ద మీట, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక పచ్చ ఎల్‌ఈడీ, రెండు 330 ఓముల రెసిస్టర్లు, ఒక పెన్‌డ్రైవు. ఎల్‌ఈడీకి 3.3 వోల్టుల నుంచి ఆ రెసిస్టరు మీదుగా నాలుగైదు మిల్లీయాంపులు వెళ్తాయి. కౌంటరు మీద కనిపించడానికి అంత వెలుగు చాలు. చెక్కపెట్టె మామయ్య వడ్రంగి దగ్గర చేయించుకొచ్చాడు, ముందువైపు స్పీకరుకు వరుసగా రంధ్రాలతో.

ప్రోగ్రాము పైథాన్ భాషలో రాశాను. మెయిలు పెట్టెను ఐమ్యాప్ అన్న మెయిలు పద్ధతి ద్వారా తెరుస్తుంది. ఐమ్యాప్‌లో ఐడిల్ అని ఒక ఆదేశం ఉంది, 1997 నాటిది. కొత్త మెయిలు వస్తే చెప్పు, నేను లైనులోనే ఉంటాను అని సర్వరుకు చెప్పడం. 29 నిమిషాలకు మించకుండా ఆ మాట మళ్లీ చెబుతూ ఉండాలి, లేకపోతే సర్వరు లైను తెంచేయవచ్చు. నేను అంతకంటే ముందే మళ్లీ చెప్పేలా పెట్టాను. మెయిలుకు రెండంచెల తనిఖీ ఉంది కాబట్టి ఈ యంత్రానికి మాత్రమే పనికొచ్చే యాప్ పాస్‌వర్డు విడిగా తీసుకున్నాను. పెట్టె ఎవరైనా ఎత్తుకుపోతే ఆ ఒక్క పాస్‌వర్డును రద్దు చేస్తే సరిపోతుంది.

ఫోను కంపెనీ చిరునామా నుంచి ఆడియో జతతో మెయిలు రాగానే, ఫైలును పెన్‌డ్రైవులో "కొత్తవి" అన్న ఫోల్డరులో దాస్తుంది. అందులో ఒక్క ఫైలున్నా ఎర్ర దీపం వెలుగుతుంది. మీట నొక్కితే అన్నిటికంటే పాతది వినిపిస్తుంది. పూర్తిగా విన్నాక మీటను పట్టి ఉంచితే ఫైలు "విన్నవి" ఫోల్డరులోకి వెళ్తుంది. దీపం వెలగాలా వద్దా అన్నది ఎక్కడా విడిగా రాసి పెట్టుకోలేదు. ఫోల్డరులో ఫైలు ఉండటమే గుర్తు. కరెంటు పోయి వచ్చినా, ప్రోగ్రాము మధ్యలో ఆగినా, దీపం నిజమే చెబుతుంది.

పచ్చ దీపం గురించి ఎక్కువగా ఆలోచించాను. ఎర్ర దీపం వెలగకపోతే సందేశాలు లేవని అర్థం. కానీ ఇంటర్నెట్ తెగిపోయినా ఎర్ర దీపం వెలగదు. ఆ రెండూ ఒకేలా కనిపిస్తే ఈ పెట్టెను నమ్మలేం. అందుకని గత అరగంటలో మెయిలు పెట్టెతో మాట కలిస్తేనే పచ్చ దీపం వెలుగుతుంది. పచ్చ ఆరితే రూటరు చూడాలి, లేదా *97 చేయాలి. ఆ రెండు మాటలు పెట్టె మీద తెలుగులో రాసి అంటించాను. ఇలాంటిది ఎవరు కట్టుకున్నా పచ్చ దీపాన్ని మాత్రం మానుకోవద్దు.

జూన్, చెవి పని

పెట్టె కౌంటరు మీదికి చేరింది. అసలు పని ఇక్కడ మొదలైంది.

మొదటి రోజుల్లో సందేశాలు బొంగురుగా వినిపించాయి. ఫైళ్లు చూస్తే జీఎస్ఎం పద్ధతిలో కుదించి ఉన్నాయి, సెకనుకు 13 కిలోబిట్లు. ఒక నిమిషం సందేశం 100 కిలోబైట్లు కూడా ఉండదు. పెద్ద ఫైళ్లు మెయిలుకు బరువైన రోజుల్లో పెట్టుకున్న పద్ధతి అది. అమరికల్లో కుదింపు లేని వేవ్ ఫైలును ఎంచుకున్నాను. సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, నిమిషానికి 960 కిలోబైట్లు. ఈ రోజుల్లో అది బరువే కాదు. తేడా వెంటనే తెలిసింది. పట్టు, పత్తి అన్న రెండు మాటలు ఇప్పుడు విడివిడిగా వినిపిస్తున్నాయి. గద్వాల చీరలో మధ్య భాగం పత్తి, అంచూ కొంగూ పట్టు కావచ్చు, అంతా పట్టూ కావచ్చు. ఆ ఒక్క మాట మీద ధర మారుతుంది, నూలు మారుతుంది, మగ్గం మారుతుంది.

ఫైలు ఎంత పెద్దదైనా దాటలేని గీత ఒకటుంది. మామూలు టెలిఫోను లైను దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జుల మధ్య శబ్దాన్ని మాత్రమే మోస్తుంది. "స" లాంటి శబ్దాల బలం చాలావరకు 4,000 హెర్ట్జులకు పైన ఉంటుంది. అది అమెరికాలోనే, ఫోను లైనులోకి వెళ్లేటప్పుడే పోతుంది. తర్వాత ఏ యంత్రమూ దాన్ని తిరిగి తేలేదు. ఉన్న భాగాన్ని కాస్త స్పష్టంగా చేయవచ్చు. సాక్స్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు, మూడు వేల హెర్ట్జుల ప్రాంతాన్ని కొంచెం పైకెత్తాను, గొంతుల శబ్దంలోని ఎక్కువ తక్కువలను సమానం చేశాను. మామయ్యకు కుడిచెవి కొంచెం మందం. ఇప్పుడు ఆయన కూడా కౌంటరు దగ్గర ఉండి వింటున్నాడు.

మెయిలుతో పాటు యంత్రం రాసిన అక్షర రూపం కూడా పంపే అమరిక ఉంది. చాలామంది దాని మీదే ఆధారపడతారు, సందేశం వినకుండా చదివేస్తారు. మాకు అది కుదరదు. ఇంగ్లీషుకు తయారైన రాత అది. మా వాళ్లు మాట్లాడేది తెలుగు, అందులోనూ చీరల తెలుగు. ఒకావిడ సందేశం ఇలా సాగింది: "ఆనందం రంగు వద్దమ్మా, పోయినసారి అదే తీసుకున్నాను. మధ్యలో కనకాంబరం, అంచు నెమలికంఠం, కుట్టు సన్నగా కనపడాలి. కొంగు మీద పువ్వులు ఒత్తుగా ఉండొద్దు." దీనికి యంత్రం రాసినదాంట్లో మనుషుల పేర్లలా కనిపించే ఏవో ఇంగ్లీషు మాటలున్నాయి, చీర లేదు. తెలుగు వింటుందన్న ఒక ఉచిత మోడల్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ఊరు, నంబరు బాగానే పట్టింది. రంగుల పేర్లలో తడబడింది.

అక్షర రూపం అమరికను ఆపేశాను. రాత ఉంటే వినడం మానేస్తాం. ఆ రాత తప్పయితే మగ్గం మీద తప్పు రంగు ఎక్కుతుంది. గద్వాల అంచును మధ్య భాగంతో కుట్టు అనే పద్ధతిలో కలిపి నేస్తారు, అంచుకూ మధ్య భాగానికీ వేరువేరు నాడెలు, అడ్డంగా నేసే పేక దారాలు ఒకదానిలో ఒకటి మెలిపడతాయి. మధ్యలో రంగు మార్చి సరిదిద్దుకునే నేత కాదు అది. అంత కష్టం పడే నేతకారుకు చేరే మాట సరిగ్గా చేరాలి. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు ఉన్నది అందుకే.

దాని బదులు వినడాన్ని తేలిక చేసే పని పెట్టుకున్నాను. అత్తమ్మ రాసుకునేటప్పుడు గమనించాను. ఫోను నంబరు దగ్గర చెయ్యి ఆగుతుంది, మొత్తం సందేశం మళ్లీ మొదటినుంచి వినాల్సి వస్తుంది. వింటుండగా మీటను ఒకసారి తట్టితే పది సెకన్లు వెనక్కి వెళ్లేలా మార్చాను. వినిపించే పనిని ఎంపీవీ అన్న ప్లేయరుకు అప్పగించాను. దానికి బయటి నుంచి ఆదేశాలు పంపే వీలుంది, వెనక్కి జరుపు అంటే జరుపుతుంది. నేను రాసినది కొన్ని పంక్తులే, పెట్టె మొత్తంలో అత్తమ్మ ఎక్కువగా వాడేది అదే. "ఇది స్కైప్‌లో లేకపాయె" అన్నది ఆవిడ. పొగడ్తలు తక్కువగా ఉండే మనిషి.

జూలై, కరెంటు

వానల మొదట్లో గాలిదుమారాలకు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పైకి ప్రాణం దాని మెమరీ కార్డు. రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడుతుంది. రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. ఒకటి, కార్డును చదవడానికి మాత్రమే వీలయ్యేలా ఓవర్లే అమరిక వేశాను. ఆ అమరికలో సిస్టమ్ మార్పులన్నీ తాత్కాలిక మెమరీలోనే జరుగుతాయి, ఆపి వేస్తే తాజాగా లేస్తుంది. సందేశాల ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవులోకి వెళ్తాయి. రెండు, రూటర్లకు అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి కొని రూటరును దానికి తగిలించాను. పెట్టెను దుకాణం ఇన్వర్టరు లైనులో కలిపాను.

పెన్‌డ్రైవు కూడా చెడవచ్చు. అందుకే మెయిళ్లను తీసేయడం లేదు. ఒక సందేశం ఇప్పుడు మూడు చోట్ల ఉంటుంది: ఫోను కంపెనీ పెట్టెలో కొంతకాలం, మెయిలులో ఎప్పటికీ, పెన్‌డ్రైవులో వినడానికి.

జూలై, గడియారం

తిరిగి పిలిచే సమయం మీద అత్తమ్మ ఒక ప్రశ్న వేసింది: "ఈవిడ ఎన్ని గంటలకు చేసింది బిడ్డా? నేను ఇప్పుడు చేస్తే నిద్రలో ఉంటదా?" మెయిలులో సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది, మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందు. ఇప్పుడు న్యూయార్క్, న్యూజెర్సీలు మనకు తొమ్మిదిన్నర గంటలు వెనక. నవంబర్ 2న వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక తేడా పదిన్నర. డల్లాస్ ఇంకో గంట వెనక, కాలిఫోర్నియా మూడు గంటలు వెనక.

పైథాన్‌లో ప్రాంతాల వారీ కాలమానాలు సిద్ధంగా ఉన్నాయి, గడియారం ఎప్పుడు మారుతుందో కూడా వాటికి తెలుసు. సందేశం వినిపించే ముందు పెట్టె ఇప్పుడు రెండు ముక్కలు చెబుతుంది: మన సమయం ప్రకారం ఎప్పుడు వచ్చింది, న్యూజెర్సీలో అప్పుడు ఎంత అయింది. అంకెలనూ, "పొద్దున", "సాయంత్రం", "రాత్రి" అన్న మాటలనూ నా గొంతులో విడివిడిగా రికార్డు చేసి, అవసరమైన వరుసలో అతికిస్తున్నాను. రాష్ట్రాన్ని ఫోను నంబరు మొదటి మూడంకెలను బట్టి ఊహించవచ్చు కానీ అక్కడ మొబైలు నంబరుతో మనుషులు ఊర్లు మారుతుంటారు. అందుకే న్యూజెర్సీ సమయమే చెబుతుంది. మిగతాది ఊరి పేరు విని అత్తమ్మ లెక్కేసుకుంటుంది.

ఆగస్టు, శ్రావణం

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. దానికి చీరలు అడిగేవాళ్లు జూన్, జూలైలలోనే ఫోను చేశారు. ఎర్ర దీపం పొద్దున్నే వెలిగి ఉండటం మామూలైపోయింది. ఎవరి సందేశమూ వినకుండా మిగిలిపోలేదని *97లో ఉన్న జాబితానూ, "విన్నవి" ఫోల్డరునూ పక్కపక్కన పెట్టి సరిచూశాను. రెండూ ఒకటే.

ఇప్పుడు బతుకమ్మ ఆర్డర్లు మొదలయ్యాయి. ఈ ఏడు దసరా అక్టోబర్ 2న. అమెరికాలో బతుకమ్మ ఆడే సంఘాల ఆడవాళ్లు ఒకే రంగు చీరలు గుంపుగా అడుగుతారు. అలాంటి సందేశాలు పొడుగ్గా ఉంటాయి, ఒకరి తర్వాత ఒకరు ఫోను అందుకుని కొలతలు చెబుతారు. అన్నీ మొదటినుంచి చివరిదాకా వినాలి. మామయ్య ఒకరోజు ఆర్డరు పుస్తకం తీసి, సందేశం ఫైలు తేదీని ఆర్డరు పక్కన రాయడం మొదలుపెట్టాడు. అడిగిన రంగు మీద ఎప్పుడైనా మాట తేడా వస్తే ఫైలు తీసి వినిపించవచ్చని ఆయన ఆలోచన. దాంతో ఫైలు పేరులో తేదీతో పాటు ఆర్డరు సంఖ్య కూడా చేర్చుకునే వీలు కల్పించాను. నేను అనుకోని పని, మంచి పని.

నేతకార్ల వైపు నుంచి ఒక కోరిక వచ్చింది. రాజోలిలో మాకు నేసే ఒకాయన, "చీర అడిగినామె మాట నాకూ వినిపించండి, మీరు రాసిచ్చిన చీటీ కంటే అది నయం" అన్నాడు. ఖాతాదారు పేరు, నంబరు, ఇంటి చిరునామా బయటికి పోకూడదు కాబట్టి మొత్తం ఫైలు ఇవ్వలేను. రంగు, అంచు, కొంగు చెప్పిన భాగాన్ని మాత్రం కత్తిరించి, ఆవిడను ముందుగా అడిగి, ఆయన ఫోనుకు పంపుతున్నాను. ఈ కత్తిరింపు ఇప్పుడు ఆడాసిటీలో చేతితో చేస్తున్నాను. వింటూండగా మీట నొక్కి మొదలు, చివర గుర్తు పెట్టుకునేలా చేస్తే అత్తమ్మే చేయగలదు.

మిగిలిన పనులు: ఆ గుర్తుల మీట. అన్నీ ఎక్కించిన ఇంకో మెమరీ కార్డు తయారుచేసి బీరువాలో పెట్టడం. నవంబర్ 2 దాటాక గడియారం సరిగ్గా చెబుతోందో లేదో చూడటం. ఎగుమతి చేసుకున్న స్కైప్ ఫైళ్లను జనవరి లోపు ఒకసారి తెరిచి, ఆడాసిటీలో పట్టుకున్నవాటితో పోల్చుకోవడం. కొత్త బిల్లు పుస్తకాలు అచ్చుకు ఇవ్వాలి, నంబరు పాతదే.